బతికున్న మనిషికి బంతిపూల దండ

డిసెంబరు 7, 1967. గురువారం

నిన్నటి పొద్దు మామూలుగానే తెల్లవారింది. అందుకే ఉన్నదున్నట్టు రాసి పెట్టుకుంటున్నాను. అలాంటిది మళ్ళీ రాకపోవచ్చు.

బావి దగ్గర చన్నీళ్ళు పోసుకుని తులసికి దీపం పెట్టాను. గాలికి ఆరింది, మళ్ళీ వెలిగించాను. విష్ణునామాలు సగంలో ఉండగా బోధన్ రోడ్డు మీద చెరకు బండ్లు మొదలయ్యాయి. బడికి పోయే పిల్లలెవరో గడ లాగినట్టున్నారు, బండివాడు వాళ్ళ తాతముత్తాతలను పేరుపేరునా తలుచుకున్నాడు. నేను నామాలు ఆపలేదు. లోపల తమ్ముడు దేవిదాస్ కోర్టు కోటుకు గుండీ ఊడిందని భార్య విమలమ్మ మీద కేకలు వేస్తున్నాడు.

“గుండీ తప్పు కాదన్నా, నీ పొట్ట తప్పు. ఇటియ్యి” అన్నది చెల్లె గంగమణి. కుట్టుమిషను దగ్గరి నుంచి లేవకుండానే గుండీ కుట్టి, దారం పంటితో తెంచి, కోటు వాడి భుజం మీదికి విసిరింది. నవ్వింది కూడా. ఆమె ఈ ఇంటికి ట్రంకుపెట్టెతో వచ్చి ఏడాది దాటింది. “ఆరోగ్యం కుదురుకునేదాక” అని భర్త రామ్‌దాస్ దించిపోయాడు. ఏ ఆరోగ్యమో మేము అడగలేదు. అతను బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో కెమిస్టు. మెక్సికో దేశం పోయి చదువుకుని వచ్చినవాడు. అడిగితే బాగుండదనుకున్నాము.

ఎండ అరుగు మీదికి వచ్చేసరికి ఒక మరాఠీ మనిషి రవికగుడ్డ పట్టుకుని వచ్చింది. తారాబాయి. మా వీధిలో ఆమె అక్క ఉంటుంది. తను బోధన్‌లో విదేశీ దొర బంగళాలో వంట చేస్తుందట. గంగమణి మిషను మీది నుంచి తలెత్తి, “కొలత రవిక తెచ్చినవా బాయీ?” అన్నది.

తారాబాయి చేతిలో గుడ్డ కింద పడింది. “అగ్గోబాయీ!” అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నన్ను బావి దగ్గరికి లాక్కుపోయింది.

“అవ్వా, గా మిషను కాడున్నామె ఎవరు?”

“నా చెల్లె.”

“మల్ల సచ్చిపోయిందెవరు?”

తర్వాత నెమ్మదిగా చెప్పింది. “మా బంగళాల దొర చెల్లె ఇనేసమ్మ ఉంటది. పోయిన నెల వాళ్ళ పెద్దలకు పెట్టుకునే పండుగ వచ్చింది. మనం పెత్తరమాసకు పెట్టుకుంటం సూడు, గట్లనే. మేజ మీద గుడ్డ పరిచి, దీపాలు పెట్టి, బంతిపూలు పోసింది. పూలు నేనే తెచ్చిచ్చిన. వాళ్ళమ్మ ఫొటో, నాయిన ఫొటో, పక్కన గీమె ఫొటో. దండేసి ముంగట అన్నం పెట్టింది. ఎవరమ్మా అని సైగ చేస్తే రామ్‌దాస్ సారును సూపించి, గిట్ల చెంప కింద చేతులు పెట్టి కండ్లు మూసింది. సారు గాడ్నే నిలబడి కండ్లు తుడ్సుకున్నడు. ‘నా పెండ్లాం పోయింది తారాబాయీ’ అన్నడు నాతోని. ఇప్పుడు ఇనేసమ్మను చేస్కుంటడట. ఎండకాలం గానుగ బందైనంక ముగ్గురు కలిసి వాళ్ళ దేశం పోతరట.”

ఆ ఫొటో నాకు తెలుసు. పెండ్లయిన ఏడు స్టూడియోలో ఇద్దరూ కుర్చీల్లో కూర్చుని తీయించుకున్నది. తనున్న సగం కత్తిరించి ఉంటాడు.

లోపల మిషను చప్పుడు ఆగింది. దారం తెగి ఉంటుంది.

తారాబాయికి మంచినీళ్ళిచ్చి, చెల్లెతో అనవద్దని చెప్పి పంపాను. మధ్యాహ్నం నామాలు మళ్ళీ మొదటి నుంచి చదివాను.

డిసెంబరు 8

నాకు కోపం లేదు. కోపం నా అలవాటు కాదు.

డిసెంబరు 10, ఆదివారం

దేవిదాస్ బోధన్ పోయి వచ్చాడు. నేనే పంపాను. దొర పేరు డాన్ ఎమీలియో. చెరకు విషయంలో సలహాకు ఫ్యాక్టరీవాళ్ళు మెక్సికో నుంచి పిలిపించుకున్న మనిషి. ఎదురుగా కూర్చుని నిజం చెప్పి రమ్మన్నాను. వాడు చెప్పులు విప్పకుండానే అరుగు మీద కూలబడ్డాడు.

“మంచిగనే కూసోబెట్టిండ్రక్కా. నేను ఇంగ్లీషుల మొదలువెట్టిన. దొరకు గది మనకొచ్చినంతనే వచ్చు. రామ్‌దాస్ వచ్చి ‘చెప్పు బావా, నేను ఆయన భాషల చెప్త’ అన్నడు. మొఖం మీదనే చెప్పిన. గీయిన పెండ్లాం నా చెల్లె, మా ఇంట్లున్నది, బతికున్నది అని. గాయన తల దించుకొని ఏందో చెప్పిండు. దొర లేచి వచ్చి నన్ను కౌగిలించుకొని ఏడ్సిండు!”

“ఎందుకు?”

“ఎందుకేంది? నేను సచ్చిపోయినామెకు అన్ననని, దుఃఖం చెప్పుకునేతందుకు వచ్చిన్నని గాయన చెప్పి ఉంటడు. ఇనేసమ్మ కండ్లనీళ్ళతోని చాయ తెచ్చిచ్చింది. ఏం జెయ్యాలె? తాగి వచ్చిన.”

“చక్కెర సరిపోయిందా?” అన్నది విమలమ్మ.

గేటు దాకా సాగనంపుతూ రామ్‌దాస్ అన్నాడట: “బావా, ఈ ఊర్ల దొరకు నోరు నేనే, చెవి నేనే. ఎవ్వలు ఏం చెప్పినా నా మీదికెల్లి పోవాల్సిందే.” పండ్లు కనిపించకుండా నవ్వుతాడు అతను. అలాగే నవ్వి ఉంటాడు.

కోర్టులో వేస్తానన్నాడు తమ్ముడు. కోర్టు తేల్చేలోగా అతను సముద్రం దాటిపోతాడు. నేను చూసుకుంటాను, నువ్వు అన్నం తిను అన్నాను.

డిసెంబరు 13

మిషన్ దవఖానలో సిస్టర్ పిలార్‌ను కలిశాను. అమ్మ కండ్లకు మందు వేసిన రోజుల నుంచి ఎరుక. ఆమెది స్పెయిన్ దేశం. మెక్సికోలో మాట్లాడేది ఆమె భాషే. వరండాలో కూర్చుని కట్లు కట్టే గుడ్డను చుడుతున్నది. నేనూ ఒక కొస పట్టుకున్నాను. మీ మాట నాకు కొంచెం నేర్పించమన్నాను.

“యాభై దాటినంక మా భాష ఎందుకు వసంతమ్మా? ఎవనికన్న శాపం పెడ్తవా?”

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను.

“చుట్టాలు వచ్చేదున్నది సిస్టర్. మర్యాదకు.”

అది అబద్ధం కాదు.

డిసెంబరు 16

ధనుర్మాసం. తెల్లవారకముందే పూజ ముగించి దవఖానకు నడిచాను. ఎవరికి ఏమున్నదో చెప్పుకునే మాట ముందు నేర్పించమన్నాను. సిస్టర్ గుడ్డ చుడుతూనే చెప్పింది. తెంగో, నాకున్నది. తియెనెస్, నీకున్నది. తియెనె, ఆయనకున్నది. తెనేమోస్, మనకున్నది. తెనేయిస్, మీకందరికీ. తియెనెన్, వాళ్ళకున్నది.

“మామూలుగైతె ‘తెనో’ అనాలె. కాని అనం. ‘నేను’ కాడికి రాంగనే నడుమ ఒక గ వచ్చి కూసుంటది. నువ్వు, ఆయన, వాళ్ళు అనే కాడ లోపలి అచ్చు చీలుతది. మనం, మీరు అనే కాడ ఏంగాదు.”

“ఎందుకట్లా?”

“రోజూ నోట్ల నానే మాటలు చెప్పినట్టు ఇనవు. ఇంట్ల పెద్దపిల్ల లెక్క.”

తెనేయిస్ తమ దేశంలోనే అంటారనీ, మెక్సికోవాళ్ళు దాని బదులు కూడా తియెనెన్ అనే అంటారనీ, వదిలేయమనీ అన్నది. వదలలేదు. నేర్చుకునేటప్పుడు ఏదీ మిగల్చకూడదు.

ఇంటికి వచ్చి తులసి మాల మీద జపించాను. పూసకు ఒక రూపం. దేవుడి పూసల మీద ఇది తప్పేమో. అన్ని నోళ్ళూ ఆయన ఇచ్చినవే అనుకున్నాను.

డిసెంబరు 23

విమలమ్మ అన్నం వారుస్తూ అన్నది: “గా సిస్టరమ్మనే చెప్పమంటె అయిపోతది గద వదినె. నువ్వు చలిల పడి తిరుగుడెందుకు?”

సిస్టర్ చెబితే మెత్తగా చెబుతుంది. ఇనేస్‌ను లోపలికి పిలిచి, తలుపు మూసి చెబుతుంది. అతను పెట్టె సర్దుకుని ఏమీ జరగనట్టు పోతాడు. చెల్లెకు న్యాయం అట్లా జరగదు. చెల్లె కోసమే నేను ఇదంతా చేస్తున్నాను.

“నేర్చుకుంటే పోయేదేమున్నది” అన్నాను విమలమ్మతో.

డిసెంబరు 30

తెంగో ఆంబ్రె, నాకు ఆకలిగా ఉంది. తెంగో సెద్, దప్పిక. తెంగో మియేదో, భయం. వాళ్ళకు వయసు కూడా ‘ఉంటుంది’. మనకు ఆకలి అవుతుంది, భయం వేస్తుంది, వయసు మీద పడుతుంది. మనం ఉన్నచోటే ఉంటాము, అవన్నీ వచ్చి పోతాయి. వాళ్ళు చేతిలో సంచి పట్టుకున్నట్టు అన్నిటినీ పట్టుకుని నడుస్తారు.

“కోపం కూడా ఉంటుందా సిస్టర్?”

“ఉంటది. తెంగో రాబియా. నీకెందుకు గది?”

“ఊరికే.”

మిగతావి మళ్ళీ మళ్ళీ చెప్పించుకోవలసి వచ్చింది. ఆ మాట మాత్రం ఒక్కసారికే వచ్చింది.

జనవరి 3, 1968

తెంగో. తియెనెస్. తియెనె. తియెనె. తియెనె. 

ఆయనకు ఉన్నది. ఆయనకు ఉన్నది.

జనవరి 7, ఆదివారం

ఇనేస్‌ను చూశాను. ఆదివారం పూజకు అన్నాచెల్లెళ్ళు మిషన్ గుడికి వస్తారట. వేపచెట్టు అవతల నిలబడి చూశాను. ముప్పై దాటిన మనిషి. మెట్ల దగ్గర కుంటి ముసలామెకు చెయ్యి అందించి దించింది. చెడ్డమనిషి అయితే నాకు సులువుగా ఉండేది.

వాళ్ళ మోటారు పోయాక సిస్టర్ పక్కన బెంచీ మీద కూర్చున్నాను. పాఠం మొదలుపెట్టకుండా ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది.

“జర ఆగు వసంతమ్మా. పాపం, ఇనేస్ చేస్కోబోయేటాయన మొదటి భార్య పోయిందట. గంగ అని పేరు. ఆమె ఆత్మ కోసం ప్రార్థన చెయ్యుమని ఇనేస్ అడిగింది.”

కండ్లు మూసుకుని చాలాసేపు పెదవులు కదిపింది. నేను పక్కనే ఉన్నాను. ఒక్క మాట అంటే చాలు. పెదవి దాకా వచ్చింది. చెబితే ఇవాళే తలుపు మూసుకుంటుంది, మెత్తగా అయిపోతుంది.

ఆమె లేచాక బట్టకు అంటిన దుమ్ము నేనే దులిపాను.

జనవరి 8

స్వామీ, రామ్‌దాస్‌ను చల్లగా చూడు. జలుబు కూడా చేయనీయకు. మాఘం దాకా.

జనవరి 19, శుక్రవారం

రామ్‌దాస్ వచ్చాడు. కమలాపండ్లు తెచ్చాడు. గంగమణి మిషను దగ్గరి నుంచి లేవలేదు. అతనూ లోపలికి పోలేదు.

“వదినె, పూజలు జోరుగ నడుస్తున్నట్టున్నయ్.”

“నీ కోసమే నాయనా.”

“నా కోసమా!”

“నీకు ఏదీ తక్కువ కావద్దని.”

వేసవిలో ఫ్యాక్టరీ పని మీద విదేశం పోతున్నాడట, రెండేండ్లట, వచ్చాక చెల్లెను తీసుకుపోతాడట. నా ముఖం చూస్తూనే అన్నాడు. మెచ్చుకోవాలి.

“పోయేముందు పుట్టింటివాళ్ళము ఒకసారి ఆమెకు ఒడిబియ్యం పోసుకుంటాము. పోయక ఏండ్లయింది. చుట్టాలు అడుగుతున్నారు. నువ్వు వచ్చి ఆమె పక్కన పీట మీద కూర్చుంటే చాలు.”

కొంచెం ఆలోచించాడు. “ఎవరెవరిని పిలుస్తరు?”

“చందూర్ నుంచి లింబయ్య మామ. మేమే.”

“మీ మాట తీసేస్తనా వదినె” అని వంగి నా కాళ్ళకు మొక్కాడు. చల్లగా ఉండు అన్నాను.

అతను పోయాక గంగమణి అడిగింది, “ఇప్పుడెందుకక్కా ఒడిబియ్యం?”

“ఆచారం.”

ఆమె నన్ను చాలాసేపు చూసింది. తర్వాత మిషను తొక్కసాగింది. తమ్ముడికి, విమలమ్మకు చెప్పినంత ఆమెకు చెప్పలేదు. సున్నితమైన పిల్ల, తట్టుకోలేదు.

జనవరి 27

ఇవాళ సిస్టర్ కొత్త వాడుక చెప్పింది. అదే మాటకు ‘కె’ చేరిస్తే ‘చేసి తీరాలి’ అని అర్థం. తెంగో కె ఇర్, నేను పోవాలి. నా ముఖం చూస్తూ ఇంకొకటి చెప్పి, అనమన్నది.

“తియెనెస్ కె పెర్దోనార్.”

“అంటే?”

“నువ్వు క్షమించాలె.”

గొంతు బొంగురుపోయింది సిస్టర్, రేపు అంటాను అన్నాను.

ఫిబ్రవరి 4, ఆదివారం

వచ్చే ఆదివారం మా ఇంట్లో ఒడిబియ్యం, రమ్మని సిస్టర్‌ను పిలిచాను. “ఆ దొరను, ఇనేసమ్మను కూడా తీసుకురా. మన పద్ధతులు చూస్తారు. చుట్టాలన్నది వాళ్ళనే” అన్నాను. సిస్టర్ చిన్నపిల్లలా సంబరపడింది.

“గిందుకేనా నేర్చుకున్నది! వాళ్ళను పలకరించేతందుకు!”

“అవును.”

రామ్‌దాస్ మాకూ ఎరుకే, వస్తాడు, అతనికి చెప్పవద్దు, ఆశ్చర్యపోనీ అన్నాను. సరేనన్నది.

ఫిబ్రవరి 10

ఎల్ తియెనె ఎస్పోసా. ఆయనకు భార్య ఉన్నది.

పూజలో నామం బదులు రెండు చోట్ల ఇదే నోటికి వచ్చింది. మళ్ళీ మొదటి నుంచి చదవలేదు.

ఫిబ్రవరి 12, సోమవారం

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను.

ముందు గదిలో పీట వేసి ముగ్గు పెట్టారు. గంగమణికి ఆకుపచ్చ చీర. రామ్‌దాస్ తెల్లని ధోవతి కట్టుకుని నవ్వుతూనే వచ్చాడు. విమలమ్మ ఇద్దరికీ కొంగుముడి వేసింది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు పళ్ళెంలో పెట్టుకున్నది. నేను విధవను, ఆ పళ్ళెం ముట్టకూడదు. గుమ్మం పక్కన గోడను ఆనుకుని నిలబడ్డాను. అక్కడి నుంచే అందరూ కనిపిస్తారు.

విమలమ్మ మొదటి దోసిలి పోస్తుండగా వాకిట్లో మోటారు ఆగింది. సిస్టర్ ముందు, వెనుక డాన్ ఎమీలియో, ఇనేస్. చెప్పులు బయట విడవాలని సిస్టర్ వాళ్ళకు చెబుతున్నది. అంత పెద్దమనిషి వంగి బూట్ల ముడులు విప్పుకుంటుంటే లింబయ్య మామ, “రాండ్రి దొరా, రాండ్రి! మా ఇల్లు గింతనే” అంటూ ఎదురుపోయాడు.

రామ్‌దాస్ లేవబోయాడు. కొంగుముడి గుంజింది. కూర్చున్నాడు.

ఇనేస్ నా పక్కకే వచ్చి నిలబడింది. లోపలికి చూసింది. గంగమణిని చూసి, గోడ పట్టుకున్నది. తను రోజూ చూసిన ఫొటోలోని ముఖం అది. నేను నేర్చుకున్నదేదీ అక్కర లేకుండానే ఆమెకు తెలిసిపోయింది. ఆ క్షణంలో నాకు కలిగినది ఆశాభంగమే. రాసుకోక తప్పదు.

కానీ రామ్‌దాస్ ఊరుకోలేదు. తేరుకుని, చేతులు తిప్పుతూ వాళ్ళ భాషలో గబగబా మొదలుపెట్టాడు. నాకు ‘ఎర్మానా’ ఒక్కటే అందింది. అక్కచెల్లెలు అనే మాట.

సిస్టర్ నా చెవిలో అయోమయంగా అన్నది: “గీమె ఆయన భార్య కాదట. సచ్చిపోయినామె కవల చెల్లె అట. ఆచారం కోసం పక్కన కూసున్నదట.”

ఇనేస్ ముఖం తేలికపడుతున్నది. నమ్మాలని ఉన్నది ఆమెకు.

అప్పుడు గోడ వదిలి ముందుకు వచ్చాను. ఒక వేలు పైకి ఎత్తాను.

“నో. తెంగో ఉనా ఎర్మానా. ఉనా.” నాకు ఒక్కతే చెల్లె. ఒక్కతే.

తర్వాత రామ్‌దాస్‌ను చూపించాను, గంగమణిని చూపించాను.

“ఎల్ తియెనె ఎస్పోసా.”

రామ్‌దాస్ నోరు తెరిచి ఉన్నది, అతని పండ్లు మొదటిసారి చూశాను. చిన్నవి. ఆ ముఖం కోసం నేను ఇన్నాళ్ళూ చలిలో నడిచాను. తనివితీరా చూశాను.

ఇనేస్ పీట దగ్గరికి పోయి మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ గంగమణి చెంపలకు ఆనించింది. వెచ్చగా ఉన్నాయో లేదో చూస్తున్నట్టు. గంగమణి తల వెనక్కు తీయలేదు. ఇనేస్ పళ్ళెంలో నుంచి గుప్పెడు బియ్యం తీసుకుని, విమలమ్మ పోసినట్టే ఆమె ఒడిలో పోసింది. లేచి, రామ్‌దాస్ వైపు చూడకుండా బయటికి నడిచింది. దొర అతనితో ఏదో అన్నాడు, గొంతు పెంచకుండా. సిస్టర్ దాన్ని మాకు తెలుగులో చెప్పలేదు.

పోయేముందు సిస్టర్ నా ఎదుట ఆగింది.

“నా పక్కన కూసోని, బతికున్న మనిషి ఆత్మకు నాతోని మోకాళ్ళేయించినవ్ వసంతమ్మా.”

“అవును సిస్టర్.”

ఆమె చెప్పులు వేసుకుని పోయింది.

పొద్దు వాలాక అందరం ముందు గదిలోనే కూర్చున్నాము. లింబయ్య మామ తుండు దులిపి భుజాన వేసుకున్నాడు. రామ్‌దాస్ గోడ దగ్గర తల వంచుకుని ఉన్నాడు. ఇనేస్ లేదు, దొర లేడు, మెక్సికో లేదు. 

“తప్పయింది మామ. నేను తీస్కపోత. ఇగ నాకెవరున్నరు?”

“అయిపాయె!” అన్నాడు మామ. “మొగోడు దారి తప్పుతడు, మల్ల వస్తడు. బియ్యం మూట కట్టుండ్రి. బిడ్డా, రేపు పోయి మొగనింట్ల వండి పదిమందికి పెట్టు. ఒడిబియ్యం పోసినంక పుట్టింట్ల ఉండద్దు.”

నాకూ అదే కావాలి. బోధన్‌లో ప్రతి గడపకూ ఈ సంగతి చేరుతుంది. చచ్చిపోయిందన్న భార్యను వెంట పెట్టుకుని అతను ఆ వీధుల్లో తిరగాలి. ఆమె ఆ ఇంట్లో ఉన్నంతకాలం తల ఎత్తలేడు. ప్రతి పూటా ఆమె చేతి అన్నం మింగాలి. నేను అంతవరకూ చూసుకుని పెట్టుకున్నాను.

“నన్నడగరా?” అన్నది గంగమణి.

అందరూ అటు తిరిగారు.

“తారాబాయి వచ్చిన్నాడే ఇన్న. మిషను ఆపి ఇన్న. ఏడుపొస్తదేమో అని సూసిన. రాలే. నేను సచ్చిపోయిన, ఇగ ఈయన నన్ను తీస్కపోవుడుండదు అనుకున్న. ఆ దినం కడుపునిండ తిన్న. అక్కా, నువ్వు దేవుని కాడ కూసోని గా మాటలు నేర్చుకొని, నన్ను మల్ల బతికిచ్చి తెచ్చి ఈయన పక్కనే కూసోవెట్టినవ్. ఒక్కసారన్న అడిగినవా, నీకు ఈయన కావాల్నా అని?”

కొంగులోని బియ్యం జారకుండా పట్టుకుని లేచింది. 

“బియ్యం ఈడ్నే వండుదాం” అన్నది.

మామ లేచి నిలబడ్డాడు. “ఏందే నువ్వనేది! ఒడిబియ్యం పుట్టింట్ల వండుకుంటరా? తెగదెంపులకు వండుతరు గట్ల. మా నాయినమ్మ చెల్లెకు వండిండ్రు, సచ్చేదాక మల్ల మొగని మొఖం సూడలే.”

“గందుకే మామ.”

“గంగా,” అన్నాడు రామ్‌దాస్, “ఇగ నాకు నువ్వొక్కదానివే.”

“సచ్చిపోయినోళ్ళు వండిపెట్టరు” అన్నది చెల్లె.

విమలమ్మ ఫక్కున నవ్వి కొంగు అడ్డం పెట్టుకుంది. దేవిదాస్ గొంతు సవరించుకున్నాడు. “నాకేం బరువు లేదు. మిషనున్నది, చేతిల పనున్నది. అసలు నా కోటు గుండీలకు ఇంట్ల ఒక మనిషి కావాలె.”

మామ అందరినీ చూసి చివరికి నా వైపు తిరిగాడు. “ఇంటికి పెద్దదానివి. నువ్వేమంటవ్ వసంతా? నువ్వంటే గదే.”

వండితే అతను చేజారిపోతాడు. ఎరగనివాళ్ళున్న ఊరికి పోయి మళ్ళీ పండ్లు కనిపించకుండా నవ్వుతాడు. వండకపోతే నా గుప్పిట్లో ఉంటాడు, కానీ ఆ గుప్పిట్లో చెల్లె కూడా ఉంటుంది. మామ తుండు తీసి మొహం తుడుచుకున్నాడు. గంగమణి నా వైపు చూడటం మానేసింది.

వండుదామన్నాను.

అట్లా నిశ్చయమైంది. ఒడిలో పోసిన బియ్యం ఇక్కడే, ఆ పూటే వండాలి. గంగమణి ఈ ఇంట్లోనే ఉండాలి, మిషను వెలుతురు వచ్చే ముందు గదిలోకి మార్చాలి. రామ్‌దాస్ బంతిలో కూర్చుని అందరితో పాటు తినాలి, తినకుండా లేవడానికి మామ ఒప్పుకోనన్నాడు. తిన్నాక అతనెవరో మేమెవరమో. ఇనేస్ పోసిన గుప్పెడు వేరు చేయకుండా అందులోనే వేయాలని గంగమణి అన్నది, దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. అతని విస్తట్లో వడ్డించేది చెల్లె కాదు, నేనేనని నేను అన్నాను. దానికీ ఎవరూ అడ్డు చెప్పలేదు.